సెయింట్ ఆండ్రూస్: గదికి 370 పౌండ్లు, గోల్ఫ్ కోర్సుకి సున్నా

స్కాట్లాండ్‌లో గోల్ఫ్‌కి పేరుపడ్డ ఊరు సెయింట్ ఆండ్రూస్‌లో ‘గోల్ఫ్ కోర్స్ వ్యూ’ అని రాసి ఉన్న గదికి రాత్రికి 185 పౌండ్లు కట్టాను. రెండు రాత్రులకి 370, అదీ ముందే. రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు. కిటికీ తీస్తే పక్కింటి చెత్తడబ్బాలు. వ్యూ ఎక్కడండీ అని అడిగితే ఇంటావిడ నవ్వకుండా బాత్రూమ్ వైపు చూపించింది. నిజమే, కమోడ్ మూత మీదికెక్కి మెడ ఎడమకి తిప్పితే రెండు పొగగొట్టాల మధ్య అరచెయ్యంత పచ్చిక కనిపిస్తుంది. మా ఆవిడ ఆ రెండు రోజులూ "గోల్ఫ్ చూసొస్తా" అంటూనే బాత్రూమ్‌కి వెళ్లింది.

ప్రయాణం మా మామగారి కోసం. విశాఖ ఈస్ట్ పాయింట్ క్లబ్బులో ఏళ్లుగా ఆడుతున్న మనిషి, ఇక్కడి పేరున్న పాత గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్స్ మీద ఒక్కసారి ఆడాలని కోరిక. ఎడిన్‌బరా నుంచి దగ్గరి స్టేషను లూకర్స్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. ఇబ్బందేం లేదు.

2024 సీజన్లో ఓల్డ్ కోర్స్‌లో ఒక రౌండుకి, అంటే పద్దెనిమిది హోల్స్ (బంతి వేసే గుంతలు) ఆటకి, 320 పౌండ్లు, అంటే దాదాపు 34 వేల రూపాయలు. డబ్బున్నా సరిపోదు, లాటరీ తగలాలి. ఇద్దరు ముగ్గురుంటే రెండు రోజుల ముందు బ్యాలెట్‌లో పేర్లిస్తారు. ఒంటరిగా ఆడేవాళ్లకి ముందురోజు సింగిల్స్ డ్రా. ఆటగాడి స్థాయి చెప్పే హ్యాండీక్యాప్ సర్టిఫికెట్ తప్పనిసరి. మామగారు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి విశాఖ నుంచి మోసుకొచ్చారు. శనివారం ఆటకి శుక్రవారం పేరిచ్చాం, తగల్లేదు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు. శనివారం హిమాలయాస్‌కి తీసుకెళ్లాను. 1867లో మొదలైన ఆడవాళ్ల క్లబ్బు పుటింగ్ (బంతిని మెల్లగా దొర్లించి గుంతలో వేసే ఆట) మైదానం అది, ఎత్తుపల్లాలతో గుట్టల్లా ఉంటుంది. కొద్ది పౌండ్లకే ఎవరైనా ఆడొచ్చు. ఎన్నడూ కర్ర పట్టని మా ఆవిడ ఆయన్ని రెండు హోల్స్‌లో ఓడించింది. పిల్లలుంటే ముందు ఇక్కడికే వెళ్లండి.

అసలు ఆనందం ఆదివారం. ఆ రోజు ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆట ఉండదు. నేల ఊరిదే కాబట్టి అందరూ పార్కులా తిరుగుతారు. టికెట్ లేదు, అడిగేవాడు లేడు. గ్రీన్లూ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) బంకర్లూ (ఇసుక గోతులు) తొక్కకుండా ఉంటే చాలు. కుక్కలు, తోపుడు బళ్లలో పసిపిల్లలు, మధ్యలో మామగారు! పద్నాలుగో హోల్ దగ్గర హెల్ బంకర్ అంచున ఆగిపోయారు. "దీంట్లో పడితే నిచ్చెన కావాలిరా" అన్నారు. మనిషి మునిగేంత లోతు. రెండు హోల్స్‌కి ఒకే గ్రీన్ ఉన్నచోట ఆ హోల్స్ అంకెలు కూడితే 18 వస్తుందని ఆయనే చూపించారు. రెండు, పదహారు. మూడు, పదిహేను. కూడుతూ కూడుతూ శుక్రవారం రాత్రి అలక మర్చిపోయారు.

గాలి మాత్రం చెవులు కోసేసింది. మేలో కూడా టోపీ, విండ్‌చీటర్ ఉండాల్సిందే. పక్కనున్న వెస్ట్ సాండ్స్ బీచ్ ఇసుకలో కూర్చుని, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర సీగల్స్‌కి దొరక్కుండా తిన్నాం.

చివర్లో పద్దెనిమిదో హోల్ మీద, అందరూ ఫొటో దిగే స్విల్కన్ రాతివంతెన. టీవీలో పెద్దగా కనిపిస్తుంది గానీ పది అడుగులేస్తే అయిపోతుంది. 2023లో దాని ముందు రాళ్లు పరిచి అరుగులా కడితే జనం తిట్టిపోశారు, వెంటనే పీకేశారు. మంచి పని. ఫొటోకి ఇరవై నిమిషాలు లైను. మామగారు టోపీ తీసి, జుట్టు సర్దుకుని నిలబడ్డారు. తీరా చూస్తే ఫొటోలో కళ్లు మూసుకున్నారు.

మళ్లీ వెళ్లి లైన్లో నిలబడ్డాం.