75కీ 80కీ మధ్య మాయమయ్యే బ్యాటరీ బొమ్మ: కొన్నేళ్లు వాడాక నా మాట

నా పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ మీద రెండు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు కొన్నేళ్లుగా పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకటి టీఎల్‌పీ. బ్యాటరీ ఎంత దాకా ఎక్కాలో, ఎంతకు దిగితే మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాలో దానికి చెప్తే అది ల్యాప్‌టాప్‌కి చెప్తుంది. రెండోది, స్క్రీన్ మూల బ్యాటరీ బొమ్మగా కూర్చుని శాతం, మిగిలిన టైము చూపించే చిన్న పైథాన్ ప్రోగ్రాం. ఎవరో ఒక్కరే తీరిక వేళల్లో రాసి అందరికీ ఇచ్చిన పని, అందుకే దాని పేరు చెప్పను. టీఎల్‌పీకి నా పూర్తి మార్కులు. రెండోదానికీ ఇవాళ మంచి మార్కులే వేస్తాను గానీ, దాన్ని విప్పి చూడకుండా అయితే వేసేదాన్ని కాదు.

మాది కూకట్‌పల్లిలో పై అంతస్తు. మే నెలలో బయట 40 దాటితే లోపల గోడలు రాత్రికీ చల్లారవు. ఇంటి నుంచే పని కాబట్టి చార్జర్ పొద్దస్తమానం పెట్టే ఉంటుంది. లిథియం అయాన్ సెల్ నిండా ఎక్కితే 4.2 వోల్టుల దగ్గర నిలుస్తుంది. ఆ వోల్టేజీలో, ఈ వేడిలో గంటల తరబడి ఉంచితే లోపలి రసాయనం త్వరగా అరిగిపోతుంది. అందుకని టీఎల్‌పీ కాన్ఫిగ్ ఫైల్లో రెండే లైన్లు మార్చాను: 75 కంటే దిగితే ఎక్కడం మొదలవ్వాలి, 80కి ఆగాలి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీలో కొన్న ఈ బ్యాటరీ అసలు సామర్థ్యం 57 వాట్ అవర్లు. ఇన్ని ఎండాకాలాలు దాటాక కూడా టీఎల్‌పీ స్టాట్ కమాండ్ 52 పైనే చూపిస్తోంది. ఈ ఎండలకి ఇది చాలా మంచి ఫలితం.

ఇక ఆ బొమ్మ సంగతి. కరెంటు పోయి వచ్చాక అది మాయమయ్యేది. ప్రతిసారీ కాదు, అదే చికాకు. కరెంటు ఓ గంట పోతే ఏమీ కాదు, రెండు మూడు నిమిషాలు పోయి వస్తే మాత్రం పోయేది. "అక్కా, బ్యాటరీ బొమ్మ మళ్లీ పోయింది" అని మా తమ్ముడు కేకేసేవాడు. బొమ్మ పోయినా చార్జింగ్ 80 దగ్గర ఆగడం మాత్రం ఎప్పుడూ తప్పలేదు, ఆ పని చేసేది ల్యాప్‌టాప్ లోపలి ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్. నష్టమల్లా ఏమిటంటే, 10 శాతానికి రావాల్సిన హెచ్చరిక రాదు. ఓ సాయంత్రం కరెంటు చాలాసేపు రాలేదు. మా అపార్ట్‌మెంట్ జనరేటర్ లిఫ్టుకీ, లైట్లకీ మాత్రమే. రాస్తున్న రిపోర్టు మధ్యలో మిషన్ చప్పున ఆరిపోయింది. ఇక ఊరుకోవాలనిపించలేదు.

లినక్స్‌లో లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌ని యూజర్ లాగ్ అడిగితే చివర్లో జీరో డివిజన్ ఎర్రర్, అంటే సున్నాతో భాగించబోయిన తప్పు, కనబడింది. మిగిలిన టైము లెక్కకట్టే లైను అది: లినక్స్ బ్యాటరీ వివరాలు చూపించే ఫైళ్లలో ఎనర్జీ నౌ అనే ఫైల్లోని అంకెని పవర్ నౌ అనే ఫైల్లోని అంకెతో భాగిస్తారు. మొదటిది ఇప్పుడున్న నిల్వ, రెండోది ఈ క్షణాన బ్యాటరీలోకి పోతున్న లేదా అందులోంచి వస్తున్న పవర్. ఆ రెండో ఫైలు సున్నా అంటోంది. ఎక్కుతుంటే సున్నా ఉండదు, దిగుతుంటే ఉండదు. మరి ఎప్పుడుంటుంది?

ఇక్కడే మా ఇంటి కరెంటు కోతకీ ఈ క్రాష్‌కీ లంకె దొరికింది. కరెంటు రెండు నిమిషాలు పోతే బ్యాటరీ 80 నుంచి 78కి దిగుతుంది. తిరిగి వచ్చినప్పుడు 75 కంటే కిందికి రాలేదు కాబట్టి కంట్రోలర్ ఎక్కించడం మొదలుపెట్టదు. చార్జర్ ఉంది, బ్యాటరీలోకి పోవడమూ లేదు, రావడమూ లేదు. లినక్స్ లోపలి గుండెకాయ లాంటి కెర్నెల్ ఆ స్థితిని "నాట్ చార్జింగ్" అని చెప్తుంది, కొన్ని మిషన్లలో "అన్‌నోన్" అంటుంది. ప్రోగ్రాం రాసినాయనకి 80 దగ్గర ఆగితే నిండినట్టే చూపించాలని తట్టింది, ఆ మేరకు రాశారు. 78 దగ్గర ఆగిపోతుందని మాత్రం ఊహించలేదు. గంట కోత తర్వాత ఎందుకు బాగుండేదో కూడా అర్థమైంది: అప్పటికి 75 దాటి కిందికి దిగేది, వచ్చీ రాగానే ఎక్కడం మొదలయ్యేది.

దీన్ని కావాలని రప్పించడానికి కరెంటు పోయే దాకా కాచుక్కూర్చోనక్కర్లేదు. టీఎల్‌పీ సెట్‌చార్జ్‌తో కింది హద్దు 40కి దించి, బ్యాటరీ అరవైల్లో ఉన్నప్పుడు చార్జర్ పీకి పెడితే చాలు, బొమ్మ కళ్లెదుటే మాయమవుతుంది. స్థితి నాట్ చార్జింగ్, అన్‌నోన్ రెండింట్లో ఏదైనా, లేక పవర్ నౌ సున్నా ఐనా, టైము లెక్క మానేసి శాతం మాత్రం చూపించేలా మార్చి, ప్రోగ్రాం రాసినాయనకి పంపాను. ఆయన మర్యాదగా ఒకటే అడిగారు, ఈ మార్పు పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష కోడ్ కూడా రాసివ్వండి అని. బ్యాటరీ ఫైళ్లన్నీ ఒక టెంపరరీ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అందులో 78, సున్నా, నాట్ చార్జింగ్ అని రాసి, ప్రోగ్రాం అసలు ఫైళ్లకి బదులు వాటినే చదివేలా తిప్పాను. అడిగి మంచి పని చేశారు. ఆ వంకతోనే ఇంకో క్రాష్ బయటపడింది: నిద్రలోంచి లేచిన క్షణంలో ఫైలు చదవబోతే "అలాంటి డివైస్ లేదు" అని ఎర్రర్ వస్తుంది. కాసేపాగి మళ్లీ చదివితే సరిపోతుంది. రెండూ తర్వాతి విడుదలలో వచ్చేశాయి, అప్పట్నుంచీ బొమ్మ చోటు కదల్లేదు.

ఇంకా నచ్చనిది ఒకటుంది. టైము అంచనా స్థిరంగా ఉండదు. వీడియో కాల్ మొదలెట్టగానే మూడు గంటలు కాస్తా గంటంపావు అవుతుంది, ఆ క్షణపు పవర్‌తోనే లెక్కకడతారు మరి. గడిచిన కొద్ది నిమిషాల సగటు తీసుకుంటే బావుంటుంది. నేను శాతమే చూసుకుంటాను.

మీరు పెట్టుకోవాలనుకుంటే ముందు ఒకటి చూడండి. పవర్ వాడకాన్ని చూసుకునే ఇంకో ప్రోగ్రాం, పవర్ ప్రొఫైల్స్ డీమన్, నడుస్తుంటే దాన్ని ఆపాకే టీఎల్‌పీ పెట్టండి, రెండూ ఒకే సెట్టింగుల మీద చేయి వేస్తాయి. హద్దులు అన్ని ల్యాప్‌టాప్‌లకీ పనిచేయవు, మీ దానికి పనిచేస్తాయో లేదో టీఎల్‌పీ స్టాటే చెప్తుంది. ఊరెళ్లే ముందు రాత్రి నిండా కావాలంటే కాన్ఫిగ్ ముట్టుకోకండి, టీఎల్‌పీ ఫుల్‌చార్జ్ అని కొడితే ఆ ఒక్కసారికి 100 దాకా ఎక్కిస్తుంది.