జయపురంలో కాలాజీరా కొనేవాళ్లకి

ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురం వైపు పండే సువాసన వరి కాలాజీరా. ఈ బియ్యం నల్లగా ఉండవు. నల్లనిది పైపొట్టు మాత్రమే, వడ్లు జీలకర్రలా సన్నగా కనిపిస్తాయి. దంపితే పొట్టి తెల్లగింజ. జయపురం బస్టాండు పక్కన ఒక కొట్టువాడు మాత్రం ఊదారంగు బియ్యం చూపించి, "నల్లగా ఉంటేనే అసలుది బాబూ" అని తెలుగులోనే చెప్పి, కిలో 220 చొప్పున మా బావకి రెండు కిలోలు అంటగట్టాడు. నానబెడితే నీళ్లు ఊదాగా దిగాయి, వాసన లేదు. నల్లబియ్యం తినడానికి మంచివే, కానీ ఆ రకం వేరు. 440 రూపాయలు పోయిన బావ రాత్రి భోజనానికి కూడా కిందకి దిగలేదు.

కొంటే వడ్లే కొనండి. నాలుగు గింజలు అరచేతిలో నలిపి పొట్టు ఊదేయండి. ముడిబియ్యం లేత గోధుమరంగులో ఉండాలి, నమిలితే సువాసన తెలియాలి. ఆ వాసననిచ్చే పదార్థం నిల్వలో ఎగిరిపోతుంది కాబట్టి నిరుటి సరుకు వద్దు. కోతలు నవంబరు చివర, డిసెంబరులో. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) వచ్చాక ఈ పేరుతో బేరం పెరిగింది, మోసమూ పెరిగింది.

సాలూరు, సుంకి ఘాటు మీదుగా బస్సు ప్రయాణం హాయిగా సాగింది. లాడ్జి గది 900. గీజరు గోడకి అలంకారం, వేణ్ణీళ్లు బకెట్టు 20. డిసెంబరు చలిలో గది తీసుకునే ముందు కుళాయి తిప్పి చూడండి.

చూడవలసినవి పల్లెల్లో కళ్లాలు. విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్న కమలా పూజారి ఊరు పాత్రపుట్ ఈ చుట్టుపక్కలదే. 1955-59 మధ్య జయపురం ప్రాంతంలో 1,700కు పైగా వరి నమూనాలు సేకరించారు. ఇన్ని రకాలు ఎందుకంటే, కొండవాలు మీద నీరు నిలవదు కాబట్టి త్వరగా పండేది కావాలి, గెడ్డ (వాగు) పక్క పల్లానికి నెలలు నిలిచేది కావాలి. మచ్ఛకాంత, హలదిచూడి, కాలాజీరా పక్కపక్క ఊళ్లలోనే దొరుకుతాయి.

విత్తనం తెచ్చుకునేవాళ్లకి ఒక మాట. వరిలో పరపరాగసంపర్కం (ఒక మొక్క పుప్పొడి ఇంకోదానికి అంటడం) చాలా తక్కువ, రకాలు కలిసిపోయేది ఎక్కువగా కళ్లంలోనే. పక్క రకానికి మూడు మీటర్ల ఎడం వదలండి. పూతప్పుడు ఒకసారి, కోతకి ముందు మరోసారి కేళీలు (వేరే రకం మొక్కలు) పీకేయండి. వెన్నులు మడి మధ్య నుంచే ఎంచి, విడిగా నూర్చి, తేమ 13 శాతానికి దిగేదాకా ఆరబెట్టండి. ఇది పొడుగు పైరు, యూరియా ఎక్కువేస్తే పడిపోతుంది. దాళ్వాకి (రబీ పంటకి) పనికిరాదు.

మర్నాడు ఒక రైతు దగ్గర వడ్లు కిలో 60కి పది కిలోలు తీసుకున్నాం. మిల్లువాడు 40 పుచ్చుకున్నాడు. ఆరున్నర కిలోల బియ్యం వచ్చాయి, అంటే కిలో వందలోపే. ఒక్క పాలిషే వేయమని గట్టిగా చెప్పాలి, లేకపోతే సగం నూకలు. బావకి అప్పుడు మాట వచ్చింది: "ఆ కొట్టోడికి ఈ సంచి చూపించొద్దాం రా." బస్సు టైమైపోయింది.