బోరు నీళ్లకు ఏ షేవింగ్ బ్రష్: పందా, గుర్రమా, బ్యాడ్జరా?

వరంగల్, హనుమకొండల్లో బోరు నీళ్లతో గడ్డం గీసుకునేవాళ్లకు ముందే ఒక మాట: పంది బొచ్చు బ్రష్ కొనండి. కాకపోతే నెల రోజులు ఓపిక పట్టాలి.

కొత్తది చీపురులా గుచ్చుతుంది, పైగా వాసన. అందుకే చాలామంది మూడోరోజే మూలకు పడేస్తారు. సబ్బు నురగ పట్టించి రాత్రంతా వదిలేసి పొద్దున కడిగితే, మూడు నాలుగు సార్లకు వాసన తగ్గుతుంది. ఈ బొచ్చు నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది కాబట్టి రోజూ 3 నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో కుచ్చు వరకే నాననివ్వాలి. వాడేకొద్దీ కొసలు చీలతాయి. అప్పుడు చెంపకు మెత్తగా తగులుతుంది, మొదలు బిగువు మాత్రం పోదు. గట్టి సబ్బు మీద రుద్దడానికి ఆ బిగువే కావాలి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును విరగ్గొడతాయి, నురగ నిలవాలంటే సబ్బు ఎక్కువ ఎక్కించాల్సిందే.

బ్యాడ్జర్ అంటే బొరియలు తవ్వే ఒక అడవి జంతువు. దాని వెంట్రుకల బ్రష్ నీళ్లను సందుల్లో పట్టి ఉంచుతుంది. సరిగ్గా పిండకపోతే నురగ పలచబడి కారిపోతుంది. క్రీముకు బాగుంటుంది, ధర మాత్రం పందికి ఎన్నో రెట్లు. బ్యాడ్జర్ రకాలకు పెట్టే ‘ప్యూర్’, ‘బెస్ట్’, ‘సిల్వర్‌టిప్’ పేర్లకు అందరికీ ఒకే కొలత లేదు, ఒకరి బెస్ట్ ఇంకొకరి ప్యూర్ కావచ్చు. పంది బొచ్చుకే నల్ల పట్టీ రంగేసి బ్యాడ్జర్‌లా కనిపించేలా చేసినవీ ఉంటాయి. తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది, రంగు అంటుతుందేమో చూడండి.

పంది బొచ్చు ఇంట్లోకి వద్దనుకుంటే గుర్రం వెంట్రుక మధ్యస్తంగా పనిచేస్తుంది, నానడమూ తొందరే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్‌లతో ఆంత్రాక్స్ అనే ప్రమాదకరమైన జబ్బు సోకింది. ఊరూపేరూ లేని సరుకు వద్దనేది అందుకే.

‘అసలు వెంట్రుకే’ అని షాపతను ఒట్టేసినా, రాలిన పోగొకటి కాల్చండి. వెంట్రుకైతే జుట్టు కాలిన వాసన వచ్చి పొడిపొడి అవుతుంది, నైలాన్ అయితే కరిగి పూస కడుతుంది.

మొదటి వారం నాలుగు పోగులు రాలితే కంగారొద్దు. నెల దాటినా రాలుతుంటే కుచ్చు అడుగున జిగురు వదిలినట్టే. మరిగే నీళ్లు పోయడం, కుచ్చును ముఖానికి అదిమి గుండ్రంగా తిప్పడం వల్లే ఎక్కువగా ఇలా అవుతుంది. కుచ్చు తెల్లగా బిరుసెక్కితే అది సబ్బు గార. గ్లాసు నీళ్లలో చెంచా వెనిగర్ కలిపి 5 నిమిషాలు ముంచి కడగండి. వానాకాలంలో బాత్రూం అలమరలో పెడితే బూజు పడుతుంది, విదిలించి కిటికీ దగ్గర గాలికి ఆరనివ్వండి.