బీఎస్-6 లారీ: ఏ రూటుకు నప్పుతుంది, ఏ రూటుకు నప్పదు

కొత్త బీఎస్-6 (భారత్ స్టేజ్-6, బండి పొగకు ప్రభుత్వం పెట్టిన పరిమితుల మెట్టు) లారీ తీసుకోవాలా, పాత బీఎస్-4 బండినే సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోవాలా అని అడిగినవారిని నేను ముందు ఒకటే అడుగుతున్నాను: బండి రోజూ ఎక్కడ తిరుగుతుంది? హార్స్‌పవరు, క్యాబిన్ ఏసీ, ఫైనాన్స్ వడ్డీ తర్వాతి సంగతులు.

నా దగ్గర పన్నెండు టైర్ల లారీలు రెండున్నాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఇంజిన్. ఒకటి గుంటూరు యార్డులో మిర్చి ఎత్తుకుని హైదరాబాద్ మీదుగా నాగ్‌పూర్ వెళ్తుంది. రెండోది జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు తెచ్చి విజయవాడ చుట్టుపక్కల గోడౌన్లలో దించుతుంది. మొదటి బండి గురించి రాస్తే మెచ్చుకోలు, రెండో దాని గురించి రాస్తే శాపనార్థాలు. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేది ఏ కంపెనీ బీఎస్-6 లారీకైనా చాలావరకు వర్తిస్తుంది.

ముందు మిర్చి బండి. నిర్మల్, ఆదిలాబాద్ మధ్య ఎత్తుల మీద నిండు లోడుతో గేరు మార్చకుండా లాగుతుంటే, పాతకాలం మైకో డీజిల్ పంపు లారీలు నడిపిన మా డ్రైవరుకే మొదట నమ్మకం కుదరలేదు. పాత బండిలో పంపు క్యామ్ తిరిగినప్పుడల్లా డీజిల్‌ను నెట్టేది, నాజిల్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకునేది. ఎంత డీజిల్, ఎప్పుడు అన్నది ఇనుప ముక్కల అమరికే నిర్ణయించేది. ఇప్పుడు ఆ పని కామన్ రైల్‌ది. పంపు డీజిల్‌ను ఒక మందపాటి గొట్టంలో 1600 నుంచి 2000 బార్ ఒత్తిడితో నింపి ఉంచుతుంది. లారీ టైరులో గాలి 8 బార్ ఉంటుంది, దాన్ని బట్టి ఊహించుకోండి. ఇంజెక్టర్ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో కంప్యూటర్ చెబుతుంది. అసలు డీజిల్ కొట్టేముందు ఒక చిన్న చుక్క కొడుతుంది. ఆ చుక్క ముందే అంటుకుని ఉండటం వల్ల మిగతాది ఒక్కసారిగా భగ్గుమనదు. పాత డీజిల్ బండి టకటక మోత తగ్గింది అందుకే. ఢాబా దగ్గర బండి ఐడిల్‌లో ఉండగా క్యాబిన్‌లో ఫోను మాట్లాడుకోవచ్చు.

ఇంకో మంచి సంగతి: నాగ్‌పూర్ నుంచి తిరిగొచ్చిన బండి సైలెన్సర్ చల్లారాక, గొట్టం చివర వేలు పెట్టి చూడండి. మసి అంటదు. పాత బండి గొట్టంలో పెడితే చేతికి పట్టిన నలుపు సబ్బుకు కూడా పోయేది కాదు.

ఇంత ఒత్తిడితో పనిచేసే ఇంజెక్టర్‌లో కదిలే ముక్కల మధ్య సందు కొద్ది మైక్రాన్లే. డీజిల్‌లో నీళ్లు, సన్నని ఇసుక దానికి విషం. అందుకే ఊరూపేరూ లేని చోట డ్రమ్ముల్లో అమ్మే డీజిల్ మా బండ్లకు పూర్తిగా నిషేధం. డీజిల్ ఫిల్టర్ కింద ఉన్న నీటి తొట్టిని ఖాళీ చేయడం క్లీనర్‌కు నేర్పాను. పాత మెకానిక్‌లకు ఒక అలవాటుంది. ఇంజిన్ మిస్ కొడుతుంటే, నడుస్తుండగానే నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో పట్టేవారు. కామన్ రైల్ మీద ఆ పని చేస్తే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. మీ బండి దగ్గరికి ఎవరైనా స్పానర్ పట్టుకుని వస్తే ముందు ఇంజిన్ ఆపించండి.

ఇంజెక్టర్ మార్చినప్పుడు కూడా నట్టు బిగించగానే పని అయిపోదు. చాలా ఇంజెక్టర్ల మీద ఒక కోడ్ ముద్రించి ఉంటుంది. తయారైనప్పుడు అది కొలతకు ఎంత ఎక్కువ, ఎంత తక్కువ కొడుతుందో ఆ కోడ్‌లో ఉంటుంది. స్కానర్ పెట్టి దాన్ని బండి కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఒక షాపువాడు అది ఎక్కించకుండానే బండి అప్పగించాడు. ఐడిల్‌లో వణుకు, పికప్ అంతంతమాత్రం. ఇంకో చోట స్కానర్ పెట్టి కోడ్ ఎక్కించగానే సరిపోయింది. డబ్బులు మాత్రం రెండు చోట్లా ఇచ్చాను.

ఇక పొగ సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 వచ్చింది. మధ్యలో బీఎస్-5 అనే మెట్టు ఎక్కకుండా దూకేశారు. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50 పాళ్లు) నుంచి 10కి దిగింది. పెద్ద బండ్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్ గంటకు 3.5 గ్రాములు ఉండేది, అది అర గ్రాము లోపలికి పడిపోయింది. చిక్కు ఎక్కడంటే, డీజిల్‌ను బాగా వేడిగా మండిస్తే మసి తగ్గి ఈ ఆక్సైడ్లు పెరుగుతాయి, వేడి తగ్గిస్తే ఇవి తగ్గి మసి పెరుగుతుంది. ఇంజెక్టర్ ఎంత తెలివైనదైనా రెండింటినీ ఒకేసారి అణచలేదు. అందుకే ఇంజిన్ తర్వాత మసి పట్టే ఫిల్టర్ ఒకటి, ఆక్సైడ్లను విరిచే డబ్బా ఇంకొకటి తగిలించారు.

రెండో డబ్బాకు తిండి డెఫ్ (డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్). మా డ్రైవర్లు యూరియా అంటారు. 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. పొగలో చిమ్మితే అమ్మోనియాగా మారి ఆ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా విడగొడుతుంది. వంద లీటర్ల డీజిల్‌కు నాలుగైదు లీటర్లు తాగుతుంది. పాత బండి కంటే మైలేజీ కొంచెం మెరుగే, కానీ ఆ మిగులును ఇదే తినేస్తుంది. కాబట్టి డీజిల్ ఆదా అని లెక్కలు చూపించే సేల్స్ కుర్రాడి మాట సగమే నమ్మండి.

డెఫ్ బకెట్లు ఇప్పుడు ఢాబాల్లో, టీ కొట్ల దగ్గర కూడా దొరుకుతున్నాయి. సీలు లేని బకెట్ కొనవద్దు. పొలానికి చల్లే యూరియాను నీళ్లలో కలిపి పోస్తే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. 2015 నుంచి ఎరువుల యూరియా అంతా వేపనూనె పూతతోనే వస్తోంది. ఆ నూనె, ఆ మడ్డి కలిసి చిమ్మే నాజిల్‌నీ, లోపలి క్యాటలిస్ట్‌నీ పాడుచేస్తాయి. పైగా రైతు సబ్సిడీ సరుకును దారి మళ్లించిన కేసు వేరే. మంచి డెఫ్ కూడా ఎండలో నిలవ ఉంటే చెడుతుంది. మన వేసవిలో క్యాబిన్ పైన టార్పాలిన్ కింద బకెట్లు దాచే అలవాటు మానుకోవాలి. ట్యాంకు ఖాళీ అయితే బండి హెచ్చరించి, అప్పటికీ పోయకపోతే బలం తగ్గించుకుని ఈడ్చుకుంటూ నడుస్తుంది.

ఇప్పుడు సిమెంటు బండి కష్టాలు. ఫిల్టర్‌లో చేరిన మసిని కాల్చాలంటే పొగ దాదాపు 600 డిగ్రీల వేడికి ఎక్కాలి. హైవే మీద గంటల తరబడి లోడుతో పోయే బండికి వేడి కొరత ఉండదు, ఆ మసి చాలావరకు దారిలోనే కాలిపోతుంది. సిమెంటు బండి మాత్రం గోడౌన్ ముందు క్యూలో ఐడిల్ అవుతుంది, బెంజ్ సర్కిల్ దగ్గర పాకుతుంది, పది కిలోమీటర్లు పోయి మళ్లీ ఆగుతుంది. వేడెక్కేలోపే ఇంజిన్ ఆపేస్తారు. మసి పేరుకుంటుంది, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, బండిని ఒక పక్కన ఆపి బటన్ నొక్కి అరగంటో ముప్పావుగంటో కాల్చాలి. ఆ సమయంలో హమాలీలు మనవైపు చూసే చూపు వేరు. కొందరు డ్రైవర్లు తొందరలో దాన్ని ఆపే స్విచ్ నొక్కేస్తారు. అలా వాయిదా వేస్తూ పోతే చివరికి షోరూమ్‌కు తీసుకెళ్లి ఫిల్టర్ విప్పించాల్సిందే. ఇంజిన్ ఆయిల్ కూడా తక్కువ బూడిద రకమే పోయాలి. మసి కాలుతుంది కానీ ఆయిల్ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

ఇంకో జాగ్రత్త: కాల్చేటప్పుడు గొట్టం నుంచి వచ్చే గాలి నిప్పులా ఉంటుంది. వరిగడ్డి పక్కన, గోనె సంచుల పక్కన బండి ఆపి ఆ బటన్ నొక్కకూడదు. మిర్చి యార్డులో ఆ పని చేస్తే ఏమవుతుందో గుంటూరు వాళ్లకు చెప్పనక్కరలేదు.

ఫిల్టర్ తీసేసి, సాఫ్ట్‌వేర్ మార్చి ఇస్తామనేవాళ్లు అప్పుడే తయారయ్యారు. చట్టవిరుద్ధం. ఫోక్స్‌వ్యాగన్ లాంటి కంపెనీయే పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఒకలా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టి 2015లో దొరికిపోయింది. దాదాపు కోటీ పది లక్షల కార్ల వ్యవహారం. లాప్‌టాప్ సంచీతో తిరిగే కుర్రాడు మన బండిని కాపాడతాడా?

దూరప్రయాణాలకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు డెఫ్ ఖర్చుకు తగ్గించాను. లోకల్ తిరుగుడుకు రెండే. కొనేముందు ఒకటి కనుక్కోండి: మీ రూటులో రాత్రి బండి ఆగిపోతే స్కానర్‌తో వచ్చే మెకానిక్ ఎక్కడి నుంచి వస్తాడు, ఎంతసేపట్లో వస్తాడు. నా సిమెంటు బండిని ఈ సీజను నుంచి విశాఖ లైనుకు మార్చేస్తున్నాను, లోకల్ దింపుడుకు కిరాయి బండి మాట్లాడుకున్నాను.