డిక్కీలో నాలుగేళ్లు ఉన్న ఫ్రిజ్: తప్పు డబ్బాది కాదు, వైరుది

రిటైరైన దంపతులు కారేసుకుని, ప్రయాణాల్లో పరిచయమైన స్నేహితుల ఇళ్లకు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి రావడంలో ఒక తిరకాసు ఉంది. కారు ఒకరోజు ఏడెనిమిది గంటలు నడుస్తుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఎవరి వాకిట్లోనో కదలకుండా ఉంటుంది. కారు ఫ్రిజ్‌ల మీద వచ్చే సమీక్షలు చాలావరకు ఆ నడిచే గంటల గురించే మాట్లాడతాయి. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఏ ఫ్రిజ్ అయినా బాగానే చల్లబరుస్తుంది. దాని బండారం బయటపడేది బండి ఆగాకే.

మేం వాడింది 40 లీటర్ల, ఒకే అర ఉన్న 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. ఖాళీగా 13 కిలోలు. నడుస్తున్నప్పుడు 45 వాట్లు, అంటే నాలుగు ఆంపియర్లకు కాస్త తక్కువ తీసుకుంటుంది. అందులో పెట్టేవి ఇన్సులిన్, గ్లాకోమా కంటి చుక్కలు, పాలు, పళ్లు, నీళ్ల సీసాలు. ఈ వరసలో మొదటి రెండూ లేకపోతే ఇంత తంటా అక్కర్లేదు, మామూలు ఐస్ డబ్బా చాలు.

'కారు కూలర్' పేరుతో చవగ్గా దొరికే వాటిలో చాలావాటికి కంప్రెసర్ ఉండదు, పెల్టియర్ పలక ఉంటుంది, అంటే కరెంటు పారితే ఒకవైపు చల్లబడి రెండోవైపు వేడెక్కే పలక. అది బయటి వేడి కంటే 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. ఎండలో నిలబెట్టిన కారు లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు కూలర్ లోపల 30 ఉంటుంది, ఇన్సులిన్‌కి అది ఫ్రిజ్ కాదు. పైగా పెల్టియర్‌లో చాలా రకాలు ఆగకుండా కరెంటు తాగుతూనే ఉంటాయి. కంప్రెసర్ మాత్రం చల్లబడగానే ఆగిపోతుంది.

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడకంలో ఉన్న ఇన్సులిన్ ఇంజెక్షన్ పెన్నును చాలా రకాల్లో గది వేడిలో నాలుగు వారాల దాకా ఉంచుకోవచ్చు, కచ్చితమైన లెక్క పెట్టె మీద రాసి ఉంటుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మాత్రం కరిగాక మామూలుగా కనిపించినా పారెయ్యాల్సిందే. కాబట్టి ఈ డబ్బాలో వేడి ఎంత ప్రమాదమో అతిచల్లదనమూ అంతే. తెర మీద 4 అని పెట్టినా మా డబ్బాలో అడుగున 0 నుంచి 1, పైబుట్టలో 6 దాకా ఉంటుంది. తెర చూపించేది గోడకున్న సెన్సర్ లెక్క, మందు లెక్క కాదు. గోడల్లోనే చల్లబరిచే గొట్టాలుంటాయి కాబట్టి గోడకు ఆనిన పెన్ను గడ్డకట్టడానికి ఒక్క రాత్రి చాలు. కంప్రెసర్ గూడు మీద వచ్చే లోతు తక్కువ భాగం ఉంటుంది చూడండి, మందులకు అదే చోటు. గోడకు తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో, గుడ్డ చుట్టి పెట్టాలి. విడి థర్మామీటర్ సెన్సర్‌ని చిన్న సీసా నీళ్లలో ముంచి ఆ పక్కనే ఉంచాలి. గాలిలో వదిలేస్తే మూత తీసిన ప్రతిసారీ అంకె ఎగిరిపడి అనవసరంగా కంగారు పెడుతుంది.

ఇక అసలు జబ్బు. ఇలాంటి ఫ్రిజ్‌లకు, బ్యాటరీ వోల్టులు పడిపోతే ఫ్రిజ్‌ని ఆపేసే బ్యాటరీ రక్షణ అని మూడు మెట్లుంటాయి: హై, మీడియం, లో. మా దాంట్లో హై మీద పెడితే 11.1 వోల్టుల దగ్గర ఆగిపోయి, మళ్లీ 12.4 వస్తేగాని మొదలవదు. లో మీద 8.5 దాకా లాగుతుంది. మోడల్‌ని బట్టి ఈ అంకెలు మారతాయి, కొనేముందు మాన్యువల్‌లో చూసుకోండి. కారు బ్యాటరీ మీదే నడపాలంటే హై ఒక్కటే దారి, లో మీద పెడితే పొద్దున్న ఇంజిన్ స్టార్ట్ అవదు. అయితే హై పెట్టినవాళ్లకు ఇంకో చిక్కు. ఏ అర్ధరాత్రో ఫ్రిజ్ ఆగిపోతుంది, పొద్దున్నకి లోపల 14 డిగ్రీలుంటాయి, ఇంజిన్ మాత్రం ఒక్క తిప్పుకే లేస్తుంది. బ్యాటరీలో సత్తా ఉండగానే ఫ్రిజ్ ఎందుకాగినట్టు?

లెక్క ఇదీ. నిండు బ్యాటరీ కదలకుండా ఉన్నప్పుడు 12.6 లేదా 12.7 వోల్టులు చూపిస్తుంది. సగం ఖర్చయ్యాక 12.2. లోడు పడితే 12.0. ఇంజిన్ దగ్గర్నుంచి డిక్కీ దాకా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఐదు మీటర్లు వెళ్తే, పోనూ రానూ పది మీటర్లు. దాని నిరోధం 0.115 ఓమ్. నాలుగు ఆంపియర్లకు దాదాపు అర వోల్టు అక్కడే పోతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో స్ప్రింగ్ కాంటాక్టు వదులైతే ఇంకో పావు వోల్టు. ఫ్రిజ్ దగ్గరికి చేరేది 11.2, 11.3. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఇంకాస్త ఎక్కువ లాగుతుంది కాబట్టి 11.1 తగిలి ఆగిపోతుంది. తిరిగి మొదలవ్వాలంటే 12.4 కావాలి, సగం ఖర్చయిన బ్యాటరీ ఇంజిన్ తిప్పకుండా అంత ఎన్నటికీ ఇవ్వదు. ఫ్రిజ్ పాడైందనుకుని మార్పించుకునేవాళ్లలో కొందరిది నిజానికి వైరు జబ్బే.

పరీక్ష తేలిక. కంప్రెసర్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ టెర్మినళ్ల మీద వోల్టులు చూడండి. అదే సమయంలో ఫ్రిజ్ తెర మీది వోల్టులు, లేదా ఫ్రిజ్ ప్లగ్ దగ్గరి వోల్టులు చూడండి. తేడా 0.3 దాటితే వైరు మార్చాలి. అదే ఐదు మీటర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.17 వోల్టులకు దిగుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా విడి లైను లాగించి, ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించాలి. ఫ్యూజు ఫ్రిజ్ వైపు పెడితే ఒకటే, పెట్టకపోయినా ఒకటే. దారిలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే బ్యాటరీ శక్తంతా ఆ తగిలినచోటే మంటవుతుంది. ఇంజిన్ గదిలోంచి లోపలికొచ్చే రేకు రంధ్రానికి, అంచు వైరుని కొయ్యకుండా ఆపే రబ్బరు రింగు (గ్రోమెట్) తప్పనిసరి. డిక్కీ చివర సిగరెట్ సాకెట్ మళ్లీ పెట్టించకండి. అది కుదుపులకు వదులవుతుంది, వదులైతే వేడెక్కుతుంది, వేడికి ప్లగ్ కొన కరుగుతుంది. కుదుపులకు వదులవకుండా గట్టిగా పట్టుకునే 50 ఆంపియర్ల ఆండర్సన్ కనెక్టర్ పెట్టించాక ఆ గొడవ తీరిపోయింది.

వైరు బాగుపడ్డా బ్యాటరీ పెద్దదవదు కదా. బయట 30 డిగ్రీలున్నప్పుడు కంప్రెసర్ గంటలో 40 శాతం సేపు నడుస్తుందనుకుంటే సగటున ఒకటిన్నర ఆంపియర్, రోజుకి 36 ఆంపియర్-అవర్లు. 45 ఆంపియర్-అవర్ల స్టార్టర్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు, పదే పదే అలా వాడితే అది త్వరగా చస్తుంది. అంటే ఒక రాత్రి గడుస్తుంది, రెండో రాత్రి గడవదు. రెండో రాత్రికి విడి బ్యాటరీ కావాలి. 500 వాట్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పవర్ స్టేషన్ (చేత్తో మోసుకెళ్లే బ్యాటరీ పెట్టె) దాదాపు ఒక రోజు లాగుతుంది, దానితో నడిపేటప్పుడు రక్షణ మెట్టు లో మీద పెట్టినా నష్టం లేదు. కారు సాకెట్ నుంచి 100 వాట్లతో అది నిండటానికి ఐదు గంటలకు పైనే పడుతుంది. దాన్ని ఎండలో డిక్కీలో వదలకూడదు. 45 డిగ్రీలు దాటితే ఇవి చాలావరకు ఛార్జింగ్ తీసుకోవు. సీటు ముందు కాళ్ల దగ్గర, ఏసీ గాలి తగిలేచోట పెడితే సరి.

అంతకంటే తేలికైన ఉపాయం, స్నేహితుల ఇంట్లో ఒక ప్లగ్ అడగడం. మొహమాటపడాల్సిన పనేం లేదు, 60 వాట్ల బల్బంత కూడా ఖర్చవదు. ఫ్రిజ్‌తో వచ్చే అడాప్టరు పెట్టి వరండాలోనో హాల్లోనో నడిపితే చాలు, పడకగదిలో వద్దు. పగలు వినిపించని కంప్రెసర్ చప్పుడు రాత్రి గచ్చు నేల మీద గణగణమంటుంది. కింద సెంటీమీటరు మందం రబ్బరు చాప వేస్తే సగం తగ్గుతుంది. గాలి జాలీ ఉన్న వైపు గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉండాలి, లేకపోతే తన వేడి తనే పీల్చుకుని కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. వాళ్ల ఫ్రిజ్‌లో మన మందులు పెట్టకపోవడంలో ఇంకో సుఖం ఏంటంటే, బయల్దేరే హడావిడిలో అవి అక్కడే మిగిలిపోవు. తప్పనిసరై పెడితే తలుపు అరలో వద్దు, వెనక గోడకూ ఆనించొద్దు, మధ్య అరలో ముందువైపు పెట్టండి. స్టీరింగ్‌కి ఒక చీటీ అంటించండి.

బరువు సంగతి కొనేటప్పుడు ఎవరూ ఆలోచించరు. నిండాక మా డబ్బా 30 కిలోలు, డిక్కీ గడప దాటించి ఎత్తడం అరవై దాటిన నడుములకు శిక్షే. ఇంట్లోకి తెచ్చేటప్పుడు ముందు బుట్టలు విడిగా తీసి, ఖాళీ డబ్బాని ఇద్దరు పట్టుకోవాలి. సొరుగులా బయటికి లాగే స్లైడ్ పెట్టిస్తే వంగే బాధ తగ్గుతుంది కానీ అది కొంత ఎత్తు తింటుంది. మూత పూర్తిగా తెరుచుకునే ఎత్తు డిక్కీలో ఉందో లేదో ముందే టేపు పెట్టి కొలుచుకోండి. గట్టిగా బ్రేకు వేస్తే 30 కిలోలు ముందుకు దూకుతాయి, కాబట్టి డిక్కీ నేల కొక్కేలకు రాచెట్ పట్టీతో (పిడి ఆడించి బిగించే పట్టీ) కట్టాలి. పట్టీ డబ్బా నడుం మీదుగా వెళ్లాలి, పక్క పిడుల్లోంచి కాదు. మా డబ్బా పిడి ఒకటి రెండో ఏడు అలాగే విరిగింది.

విరిగిన వాటిలో మిగతావి: అడాప్టరు మూడో ఏడు పోయింది, అది వేడెక్కేచోట గుడ్డ కప్పి ఉండటం వల్ల. మూత రబ్బరు ఒక మూల సాగింది. పరీక్షకు కాగితం ముక్క పెట్టి మూత వేసి లాగండి, తేలిగ్గా వచ్చేస్తే అక్కడ గాలి కారుతోందన్నమాట. వేడినీళ్ల గుడ్డతో కాపి సరిచేస్తే కొన్నాళ్లు నిలిచింది, తర్వాత మార్చాల్సే వచ్చింది. కంప్రెసర్‌కి ఇప్పటిదాకా ఏమీ కాలేదు. అది ఆగకుండా నడుస్తున్నా చల్లబడకపోతే గ్యాసు కారినట్టే. ఐసోబ్యూటేన్ వాడే డబ్బాలైతే ఆ గ్యాసు మండేది, సొంతంగా నింపించే ప్రయోగాలొద్దు.

బయల్దేరడానికి ముందురోజే ఇంటి కరెంటు మీద చల్లబెట్టాలి. 30 డిగ్రీల నీళ్లు పది లీటర్లు పెట్టి 5కి దించాలంటే ఈ డబ్బాకి ఐదారు గంటల పని, అది కారు బ్యాటరీ మీద చేయించడం దండగ. లోపల సగమైనా నిండుగా ఉంచండి. మూత తెరిచినప్పుడు గాలి పోతుంది కానీ చల్లటి నీళ్ల సీసాలు పోవు. గడ్డకట్టించిన లీటరు సీసా కరగడానికి 93 వాట్-అవర్ల వేడి తాగుతుంది. రెండు సీసాలుంటే ఫ్రిజ్ ఆగిన రాత్రి కూడా గండం గడుస్తుంది, కాకపోతే వాటిని మందులకు దూరంగా పెట్టాలి.

మళ్లీ కొనాల్సివస్తే ఇదే రకం కొంటాం, కానీ 40 లీటర్లది కాదు. ఇద్దరికి 25 చాలు, ఎత్తడానికి మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు. ఒకటి రెండు రోజుల ప్రయాణమే అయితే, వాడకంలో ఉన్న పెన్ను ఒక్కటే అయితే, నీళ్లలో తడిపి వాడే సంచి సరిపోతుంది. తడి ఆరుతూ చల్లబరుస్తుంది కాబట్టి ఉక్కపోత ఎక్కువున్నచోట అది అంతగా పనిచేయదు.

ప్రయాణం అయ్యాక లీటరు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, మూతకింద చిన్న కర్రముక్క పెట్టి సందు వదిలి భద్రపరచండి. డబ్బాని పక్కకి పడుకోబెట్టి మోసుకొచ్చి ఉంటే, నిలబెట్టాక కొన్ని గంటలు ఆగిగాని స్విచ్ వేయకండి.