రౌటర్ టేబుల్‌కు చెక్క ఫెన్సా, స్క్రూ ఫెన్సా?

రౌటర్ టేబుల్ అంటే చెక్కకు గాడి కొట్టే మిషన్‌ను కింద బిగించిన బల్ల, ఫెన్స్ అంటే దాని మీద చెక్కను ఆనించి తోసే అడ్డపట్టె. పాలమూరులో ఇంటి వెనక రేకుల షెడ్డులో పని చేసుకునేవాళ్లకు నేనైతే ముందు చెక్క ఫెన్సే చెప్తా: తిన్నగా ఉన్న టేకు పట్టె, ఒక కొనకు బోల్టు, రెండో కొనకు క్లాంప్. బిట్ (చెక్కను కోసే ముక్క) గుండ్రంగా తిరిగేదే కాబట్టి ఫెన్స్ టేబుల్ అంచుకు సమాంతరంగా ఉండాలన్న టెన్షన్ అక్కర్లేదు, పైగా బిట్ ఆ రెండు కొనలకు సరిగ్గా మధ్యలో ఉంటే క్లాంప్ కొనను 1 మిల్లీమీటరు జరిపినా బిట్ దగ్గర జరిగేది అర మిల్లీమీటరే. కాకపోతే మన ఎండలకు పట్టె వంకర పోతుంది, అప్పుడప్పుడు స్కేలు ఆనించి చూసుకోవాలి.

స్క్రూతో జరిగే అల్యూమినియం ఫెన్స్ ఖరీదెక్కువ. కానీ మామూలు ఎం6 (6 మిల్లీమీటర్ల) మర పిచ్, అంటే ఒక చుట్టుకు జరిగే దూరం, 1 మిల్లీమీటరు, పావు చుట్టు తిప్పితే 0.25 జరుగుతుంది, మళ్లీ అదే కొలతకు రావడం తేలిక (మరలో కొంచెం లూజు ఉంటుంది, ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పుతూ రావాలి). వరసగా డ్రాయర్లు చేసేవాళ్లు ఇది కొనండి. ఏడాదికి రెండు తలుపులకు గాడి కొట్టుకునేవాళ్లకు దండగ.