స్నేహితుల ఇంటి గొడవల్లో తోడుండటం నేర్పే ఆన్‌లైన్ క్లాసు

ఆస్తి పంపకాల దగ్గర మాటామాటా పెరిగి నా స్నేహితురాలు వాళ్ళ అన్నయ్యతో మాట్లాడటం మానేసింది. తనకోసమే ఈ క్లాసులో చేరాను. ఇలాంటి బాధలు వినేవాళ్ళందరినీ చేరమంటాను.

బాగా నచ్చింది వినడం మీద చేయించిన సాధన. మనస్తత్వవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ 1957లో 'యాక్టివ్ లిజనింగ్' అని రాసిన పద్ధతి ఇది. ఎదుటివాళ్ళు చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్పి, "అంతేనా?" అని అడగాలి. ఇద్దరిద్దరిని జతచేసి, ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ చేయించారు.

"సలహా కావాలా, వింటే చాలా?" అని ముందే అడగమన్నారు. నా స్నేహితురాలిని అలాగే అడిగాను. "ముందు విను" అంది. కడుపులో ఉన్నదంతా చెప్పుకున్నాక, "నువ్వైతే ఏం చేస్తావు?" అని తనే అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను: "మీ అన్నయ్యదే తప్పు. కానీ అమ్మని మధ్యలోకి లాగకు, ఆవిడ నలిగిపోతోంది." ముఖం ముడుచుకుంది. అయినా రాత్రి ఫోన్ మాత్రం అన్నయ్యకే చేసింది.

వీడియో అప్పుడప్పుడు ఆగింది, అది పెద్ద విషయం కాదు. అసలు లోటు వేరే: కొట్టడం, బెదిరించడం ఉన్న ఇళ్ళ గురించి చివర్లో హడావిడిగా ముగించారు. అక్కడ రాజీ మాటలు ప్రమాదం, ముందు మనిషి క్షేమం చూడాలి, నిపుణుల సాయం తీసుకోవాలి. దానికి విడిగా ఒక క్లాసు పెట్టాల్సిందే.